ఇరవై ఎనిమిదో తేదీ వేలిముద్ర

మధ్యాహ్నం రెండుంపావు. మా మరిది లైసెన్సుకి ఇంకా గంటా నలభై అయిదు నిమిషాల ఆయుష్షు ఉంది.

నాలుగింటికి బీమా కంపెనీ రిపోర్టు లిఫ్టుల తనిఖీ ఆఫీసుకి చేరుతుంది. చేరిందంటే, పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు తప్ప మరో లోకం ఎరగని మెకానిక్కు రేపటి నుంచి మా వంటింటి అరలకి బందులు బిగించుకుంటూ బతకాలి. మా వంటింట్లో అరలు నాలుగే. అవీ బిగించేశాడు.

ఆ రిపోర్టు రాస్తున్నది మా మేనమామ కొడుకు. నాకు బావ. చిన్నప్పుడు మా ఇద్దరికీ పెళ్ళి చేద్దామని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఇద్దరం చెరో వైపు పారిపోయాం. అందుకే ఇప్పటికీ మా మధ్య ప్రేమాభిమానాలు చెక్కుచెదరలేదు.

అసలు సంగతి ఇప్పుడే ఒప్పేసుకుంటాను. మరిదిని ఇరికించింది నేనే. మొన్న పదిహేనో తేదీన మా ఇంట్లో భోంచేస్తూ, మూడోసారి వడ్డించుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు బావ: "ఆగస్టు ఇరవై ఎనిమిదిన మీ మరిది ఎక్కడున్నాడే?"

"ఇక్కడే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా ఈ అరలు బిగించాడు. ఎంత బుద్ధిమంతుడో!" అన్నాను గర్వంగా.

బావ చెయ్యి కడుక్కొచ్చి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నన్ను డిటెక్టివ్ అంటారు. పదకొండు కేసులు తేల్చాను. పన్నెండో కేసులో మొదటి సాక్ష్యం నా నోటే, నా ఇంటి మనిషికి వ్యతిరేకంగా వచ్చింది.

కేసు ఇది. ఆరంతస్తుల బిల్డింగు. రెండు లిఫ్టులు. సెప్టెంబరు పధ్నాలుగున ఎడమ లిఫ్టు ఐదో అంతస్తు నుంచి ఒకటిన్నర అంతస్తు జారి ఆగింది. లోపల ఉన్న టీచరుగారి చీలమండ విరిగింది. ఆవిడ ఐదో అంతస్తులోనే ఉంటారు. ఇంటి ముందుగదిలోనే మాలాంటి గృహిణులకి కంప్యూటరు మీద పట్టికలు నేర్పుతారు. నేనూ ఆవిడ శిష్యురాలినే. మూడు నెలలకోసారి ఆ లిఫ్టుల్ని తనిఖీ చేసేది మా మరిది. మెషిన్ రూములో వేలాడే కార్డు మీద "ఆగస్టు 28, సరిగా ఉంది" అని ఉంది. పక్కనే అతని స్టాంపు. ఆ రోజు అతను మా ఇంట్లో ఉన్నాడు. అంటే రాకుండానే ముద్ర కొట్టాడు. బావ లెక్క అది.

మరిదిని బిల్డింగులోకి రానివ్వడం లేదు. విచారణ తేలేదాకా ఏ లిఫ్టునీ ముట్టుకోనని బావ అతనితో కాగితం రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు. అందుకని ఎదురు దుకాణం మెట్ల మీద, పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏ తేదీన వచ్చావయ్యా?"

"ముప్పై ఒకటిన వదినా. ఎప్పుడూ నెలాఖరు రోజే." చొక్కా జేబులోంచి కంపెనీ చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. నవంబరు 30, ఫిబ్రవరి 28, మే 31, ఆగస్టు 31. అచ్చువేసిన అంకెలు.

"ఎన్ని గంటలకి?"

"పదింటికి ఎక్కాను, పన్నెండున్నరకి దిగాను. ఎడమదాని బ్రేకు అరిగిపోయింది. స్విచ్ దించేసి, ఆపాలని కార్డు మీద ఎర్రసిరాతో రాసి వచ్చాను."

"మేనేజరుకి నోటితో చెప్పొచ్చుగా?"

"ఆయన ఊళ్ళో లేరు. వాళ్ళ అక్కగారింటికి వెళ్ళి రెండో తేదీన వచ్చారు. అయినా మా పనిలో కార్డే మాట వదినా. ఏ సామాను కావాలో కార్డు చూసి బిల్డింగువాళ్ళే కంపెనీకి రాస్తారు."

"మరి స్టాంపు?"

"మెషిన్ రూములోనే, తాడుకి వేలాడుతుంటుంది. ఇంటికి తీసుకెళ్తే మా చిన్నది నుదుటి మీద కొట్టుకుంటోంది. ఓ రోజంతా స్కూల్లో 'సరిగా ఉంది' అని నుదుటి మీద పెట్టుకుని తిరిగింది."

"రూము తాళం?"

తల దించుకున్నాడు. "గుమ్మం పైన పెడతా."

"ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఒక్క మేనేజరుగారికీ, ఊడ్చే ఆవిడకీ, ట్యాంకు కడిగేవాళ్ళకీ, ఐదో అంతస్తు టీచరుగారికీ..."

"ఇంకా నయం, గోడమీద రాయలేదు."

లేచి రోడ్డు దాటబోతుంటే వెనకనుంచి అడిగాడు. "లిఫ్టులు ఆపేశారుగా వదినా. పాపం అందరూ మెట్లెక్కుతున్నారా?"

"నేనైతే ఎక్కుతున్నాను," అన్నాను. ఈమధ్య డాక్టరు చెప్పాడు కాబట్టి నేను ఎక్కడైనా మెట్లే. తన లైసెన్సు పోతుంటే జనం మోకాళ్ళ గురించి బెంగపడే మనిషిని చూసి మనసు కరిగింది. కరిగిన మనసుతో ఆ ప్రశ్నని సరిగ్గా వినలేదు. డిటెక్టివుకి ఉండకూడని జబ్బు అది.

రెండూ ముప్పై అయిదుకి నూటరెండు మెట్లెక్కి ఆరో అంతస్తులోని మెషిన్ రూము ముందు ఆయాసపడుతుంటే, కుడి లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందులోంచి, ఇస్త్రీ మడత నలగకుండా, మా బావ దిగాడు. వెనకే మేనేజరు. అరవై ఏళ్ళ పెద్దమనిషి, నడుముకి రెండుకిలోల తాళాల గుత్తి. ఆయన వస్తున్నాడని ముందు ఆ గుత్తే చెబుతుంది.

"మరదలా, మంచినీళ్ళు తాగుతావా?" బావ సీసా చాచాడు.

"తాగుతాను. ఆ నీళ్ళకి రసీదు అడగకు."

కార్డు రేకు చట్రంలో మేకుకి వేలాడుతోంది. తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. ముందువైపు ఎడమ లిఫ్టు, వెనకవైపు కుడి లిఫ్టు. రెండువైపులా ఒకే వరస, అచ్చువేసి ఉంది. నవంబరు 30. ఫిబ్రవరి 28. మే 28. ఆగస్టు 28. ప్రతిదాని పక్కనా స్టాంపు. తర్వాతి తనిఖీ నవంబరు 28.

"ముట్టుకుని చూడు బావా. ఏం తగులుతోంది?"

"అట్ట."

"జిడ్డు తగలాలి. పది నెలలుగా ఈ గదిలో వేలాడుతున్న కార్డు ఇది. ఆ గోడ చూడు, నూనె కారి మెరుస్తోంది. మా మరిది ముట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు మీద కూడా నల్లటి బొటనవేలు పడుతుంది. నా వంటింటి అర తలుపులకి నాలుగు పడ్డాయి, సబ్బుతో కూడా పోలేదు. ఈ కార్డు మీద ఒక్కటి లేదు. ఇది పాత కార్డు కాదు. ఎవరో కొత్తగా తయారుచేసి తగిలించారు."

"ఎవరో ఏమిటి, అతనే. తప్పు కప్పిపుచ్చుకోవడానికి."

"తప్పు కప్పిపుచ్చుకునేవాడు తను మా ఇంట్లో ఉన్న రోజే వేసుకుంటాడా?"

బావ పుస్తకంలో ఏదో గీశాడు. నేను మేనేజరు వైపు తిరిగాను.

"రెండో తేదీన మీరు వచ్చేటప్పటికి ఎడమ లిఫ్టు స్విచ్ ఎలా ఉంది?"

"దించి ఉందమ్మా. ఎందుకా అని పైకొచ్చి కార్డు చూశాను. అంతా సరిగా ఉందని ఉంది. మరిచిపోయి దించాడేమో అని ఎత్తాను." ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు. "ఎత్తిన చెయ్యి నాదేనమ్మా. ఆ రోజు నుంచీ నిద్ర లేదు."

అయితే కార్డు మారింది ముప్పై ఒకటి మధ్యాహ్నానికీ రెండు ఉదయానికీ మధ్య. ఆ రెండు రోజుల్లో.

"మీ ట్యాంకు కడగడం కూడా మూడు నెలలకోసారేగా? ఆ తేదీలు ఎలా వేస్తారు?"

మేనేజరు ముఖం వికసించింది. ఫోన్ తీసి పట్టిక చూపించాడు. "నా సొంత ఫార్ములా అమ్మా. మూడు నెలలంటే తొంభై రోజులు. పై తేదీకి తొంభై కలుపుతాను, అంతే." నవంబరు 30, ఫిబ్రవరి 28, మే 29, ఆగస్టు 27.

అప్పుడు కనిపించింది నాకు. చీటీ, ఫోను, కార్డు మూడూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టాను.

"ఇలా రా బావా. మూడు పట్టికలూ ఒకే రోజు మొదలయ్యాయి, నవంబరు ముప్పైన. ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే. అందుకని మూడూ ఫిబ్రవరి 28న కలిశాయి. అక్కడిదాకా ఎవరు రాశారో చెప్పలేం. మే నెల చూడు. కంపెనీవాళ్ళు నెలాఖరు ఫార్ములా వాడతారు, ముప్పై ఒకటి వచ్చింది. మేనేజరుగారు తొంభై కలుపుతారు, ఇరవై తొమ్మిది వచ్చింది. ఈ కార్డు చేసిన మనిషికి ఇరవై ఎనిమిది వచ్చింది. అంటే ఈడేట్ వాడారు. నెలలు కలిపే ఫార్ములా. అదీ ప్రతిసారీ పై గడిలో తేదీ చూసి మూడు నెలలు కలిపారు."

"అయితే?"

"ఫిబ్రవరి పొట్టి గుమ్మం బావా. ముప్పయ్యో తేదీ అందులోంచి వంగి, ఇరవై ఎనిమిదై దాటింది. దాటాక నిటారుగా నిలబడాలి. కానీ పై గడి చూసి నడిచేవాడు, ముందువాడు వంగి ఉన్నాడు కదా అని తనూ వంగే నడుస్తాడు. మే ఇరవై ఎనిమిది. ఆగస్టు ఇరవై ఎనిమిది. ఏడాదంతా ఆ గూని పోదు. ఇది తేదీ కాదు, వేలిముద్ర. మా మరిదికి కంప్యూటరు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలీదు. మేనేజరుగారిది వేరే ముద్ర. ఇంకెవరిదో ఇది."

నా అంతట నేనే మురిసిపోతున్నాను. బావ చప్పట్లు కొట్టాడు. నెమ్మదిగా, మూడుసార్లు.

"బ్రహ్మాండం. ఆ ఇంకెవరో ఎవరో కూడా నేను చెప్పనా?" చిన్న పుస్తకం తిరగేశాడు. "పదిహేనో తేదీ. మరదలి ఇల్లు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం. నీళ్ళ ఫిల్టరు మార్చాల్సిన తేదీలు. నవంబరు 30, ఫిబ్రవరి 28, మే 28, ఆగస్టు 28."

ఇంకో రెండు గుక్కల నీళ్ళు తాగాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే విన్నాను," అన్నాను చివరికి. "తిన్నింటి ఫిల్టర్లు లెక్కపెట్టడం ఇదే చూడటం."

"నీ వేలిముద్రేగా? నువ్వే అన్నావు."

"నాదే. కానీ కార్డు చేసింది నేను కాదు."

"నమ్ముతాను. నా నమ్మకం రిపోర్టులో పట్టదు." గొంతు తగ్గించాడు. మా బావకి గుండె మెత్తన, పెన్నే గట్టిది. "చూడవే. మరిదిని కాపాడుకోవడానికి వదినే కార్డు మార్చిందని ఎవరైనా అంటారు. నీ పేరు రాయాలా వద్దా అని అత్తయ్య ముఖం తలుచుకుని ఆగుతున్నాను. నాలుగింటి వరకే ఆగగలను."

వాళ్ళిద్దరూ కుడి లిఫ్టులో కిందికి వెళ్ళిపోయారు. మూడు గంటలా అయిదు నిమిషాలు.

పనిముట్ల పెట్టె మీద కూలబడి ఆలోచించాను. ఆ వేలిముద్ర నాదైతే, నా చేతికి ఎలా వచ్చింది? పుట్టుకతో రాలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని నేర్పారు. నాతో కలిపి పన్నెండుమందికి. పన్నెండుమంది ఇళ్ళలోనూ ఫిబ్రవరి తర్వాత తేదీలన్నీ వంగే ఉంటాయి.

పెట్టె మీంచి లేచాను. పదిహేడు మెట్లు దిగితే ఐదో అంతస్తు.

టీచరుగారు వాలుకుర్చీలో, పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నారు. గోడకి నల్లబల్ల. దాని మీద పోయినవారం పాఠం ఇంకా చెరపలేదు: "నెలని మూడుతో భాగించు. పై అంకెకి సవరించు. అదే త్రైమాసికం." పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు గోడవారగా దొంతరగా పేర్చి ఉన్నాయి.

"రా అమ్మాయ్! ఆయాసమేంటి? మెట్లెక్కావా? కూర్చో. మీవాళ్ళెవరూ రావట్లేదు. నేను లేచి నడిచేదాకా క్లాసు లేదనుకున్నారు. నోరు బాగానే ఉందిగా నాకు!"

"ఒక సందేహం టీచర్. మూడేసి నెలల తేదీలు మళ్ళీ ఒక్కసారి చెప్తారా?"

ఆవిడ కళ్ళు వెలిగాయి. ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నారు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు! మొదటి గడిలో తేదీ వెయ్యి. కింది గడిలో ఈడేట్, పై గడి, మూడు. కిందికి లాగు. పై గడిని నమ్ముకున్నవాడు చెడిపోడు. ఏ తేదీ వెయ్యమంటావు?"

"నవంబరు ముప్పై."

వేళ్ళు ఆగాయి. కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. నేను నేల చూశాను. తర్వాత టకటకా కొట్టి, కిందికి లాగి, తెర నావైపు తిప్పారు. ఫిబ్రవరి 28, మే 28, ఆగస్టు 28.

"నీకు తెలిసే అడిగావు," అన్నారు.

"మొదటి తేదీ నెలాఖరు టీచర్. మేలో ముప్పై ఒకటి ఉండాలి. ఇది ఫిబ్రవరి దగ్గర కుదించుకుపోయి మళ్ళీ లేవలేదు. పై గడి కాదు, ప్రతిసారీ మొదటి గడి నుంచే లెక్కపెట్టాలి. మూడు, ఆరు, తొమ్మిది అని. లేకపోతే నెలాఖరు ఫార్ములా వాడాలి."

ఆవిడ తెరమీది తేదీల్ని పైనుంచి కిందిదాకా వేలితో తడిమారు. తర్వాత అన్న మొదటి మాట విని నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఆరు బ్యాచులకి తప్పు చెప్పానే అమ్మాయ్."

"టీచర్, కార్డు..."

"అవును, కార్డు నేనే మార్చాను. పాత కార్డు మీద ఆ అబ్బాయి రాత కోడి కెలికినట్టుంది. పైన అచ్చువేసిన నవంబరు ముప్పై, కింద ఎర్రగా 'ఆపాలి' అన్నది తప్ప ఒక్క ముక్క తెలీలేదు. తేదీలకేం, ఫార్ములా ఉందిగా అనుకున్నాను." కిటికీవైపు తిరిగారు. "పోయినసారి ఇలాగే ఒకటి ఆపితే, భారమంతా పడి రెండోదీ ఆగింది, సామాను రావడానికి నాలుగు నెలలు పట్టింది. గుర్తుందా? మొదటి వారం నలుగురు వచ్చారు. తర్వాత నువ్వొక్కదానివే. తర్వాత నువ్వూ రాలేదు."

రాలేదు. మోకాలు నొప్పి అని ఫోన్ చేశాను.

"నాలుగు నెలలు గోడకి పాఠం చెప్పాను. మళ్ళీ అదంటే భయమేసింది. ఆ అబ్బాయికి జాగ్రత్త ఎక్కువ, చిన్నదానికి పెద్దగా రాస్తాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ అరిగిన మోకాళ్ళతో పదిహేడు మెట్లూ ఒక్కొక్కటీ కూర్చుంటూ ఎక్కాను, రెండుసార్లు. ఒకసారి చూడ్డానికి, ఒకసారి మార్చడానికి. నేను పెట్టిన కార్డుకి నా కాలే విరిగింది. లెక్క సరిపోయింది కదా, ఇంకెవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను."

"ఉంది టీచర్. నాలుగింటికి మా మరిది లైసెన్సు పోతోంది."

పిండికట్టు కాలు స్టూలు మీద నుంచి దభీమని కింద పడింది. ఆవిడకి నొప్పి తెలిసినట్టు లేదు. "ఎవరిది? ఆ పిల్లాడిదా? నన్ను చేతులమీద లిఫ్టులోంచి బయటికి తీసిందే అతను! నాకెవరూ చెప్పలేదే!"

"మీరు బెంగపెట్టుకుంటారని మేనేజరుగారు చెప్పనివ్వలేదు."

"ఆ అల్మైరా తెరువు. హాజరు పుస్తకం అడుగున."

అడుగున ఉంది. నూనెలో వేయించినట్టున్న అట్ట. మూలన నల్లటి బొటనవేలు. ఆగస్టు 31. ఎర్రసిరా.

"చింపేయలేదా?"

"రికార్డు చింపడమేమిటే? టీచర్ని!"

మూడు ముప్పై నాలుగు. బావకి ఫోన్ చేశాను. "పైకి రా. నీకు కావలసిన కాగితం దొరికింది. ఐదో అంతస్తు."

"వస్తున్నా. మేనేజరుని కూడా తెస్తున్నా, సాక్షి సంతకానికి. మెట్లు నీకే వదిలేశాను, లిఫ్టులో వస్తాం."

ఫోన్ పెట్టి, ఊరికే, చేతి అలవాటుగా కార్డు వెనక్కి తిప్పాను. వెనకవైపు కుడి లిఫ్టు. అక్కడా ఎర్రసిరా ఉంది. కోడి కెలికిన రాతే. కానీ ఆ రాతతో నాకు పదిహేనేళ్ళ పరిచయం.

"తాడు పోగులు తెగుతున్నాయి. సెప్టెంబరు 15 లోపు మార్చాలి. అప్పటిదాకా ఇద్దరికి మించి ఎక్కరాదు."

ఇవాళ పద్దెనిమిది.

"టీచర్, వెనక చదివారా?"

"లేదమ్మాయ్. ముందువైపే చాలనిపించింది. ఇంకా చదివితే ధైర్యం పోతుందని తిప్పలేదు."

లిఫ్టులు ఆపేశారుగా వదినా. అందరూ మెట్లెక్కుతున్నారా. ఇప్పుడు వినపడింది నాకు ఆ ప్రశ్న.

మరిది మొదటి రింగుకే ఎత్తాడు. "కుడి లిఫ్టు సంగతేంటయ్యా?"

"తాడు మార్చాలి. అందుకేగా రెండూ ఆపేశారు?"

"ఎవరు చెప్పారు?"

"లిఫ్టు ఆపేశామని మేనేజరుగారు ఫోన్లో... రెండూ కాదా?" పనిముట్ల సంచీ కిందపడ్డ చప్పుడైంది. "నడుస్తోందా వదినా? ఎవరున్నారు అందులో?"

"మేనేజరు, రెండుకిలోల తాళాలు, మా బావ." కార్డు మీద ఇద్దరే. కానీ మూడోసారి వడ్డించుకునే మా బావ ఒక్కడే ఒకటిన్నర.

మెట్ల మీద పరుగు, హారన్లు, ఎవరో తిట్టడం వినిపించింది. తర్వాత ఖాళీ గదిలో మోగినట్టు అతని ఊపిరి. "కింద కరెంటు మెయిన్ బోర్డు ముందున్నాను వదినా. ఇది ముట్టుకుంటే... నేను కాగితం రాసిచ్చాను."

"ఆ కాగితం ఎవరి జేబులో ఉంది?"

"ఆయన జేబులో."

"ఆయన ఎక్కడున్నాడు?"

టక్ మని వినపడింది. బిల్డింగు గొంతులోంచి మోటారు చప్పుడు పోయింది.

నాలుగో అంతస్తుకి దిగాను. గ్రిల్ తలుపు వెనక, సరిగ్గా నా పాదాల ఎత్తున, మా బావ తల కనిపించింది. మిగతా బావ మూడో అంతస్తు వైపు ఉన్నాడు. పక్కన తాళాల గుత్తి వణుకుతోంది.

"మరదలా! ఇదేం పని?"

కూర్చుని, కార్డు వెనకవైపు గ్రిల్‌కి ఆనించాను. చదివాడు. రెండోసారి చదివాడు. పైకి, కప్పువైపు చూశాడు. అప్పుడే మరిది మెట్లెక్కుతూ మా పక్కకొచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు.

"పైన చక్రం చేత్తో తిప్పి మూడో అంతస్తుకి దించాలి బావగారూ. కానీ ముట్టుకోకూడదని మీరు..."

"ఆ కాగితం చింపేశాను!" అన్నాడు బావ, జేబులోంచి తీసి చింపుతూ. "తిప్పు నాయనా!"

"రిపోర్టు కూడా," అన్నాను. "టైము మూడూ నలభై రెండు. తిప్పడానికి పావుగంట పడుతుంది. ఈలోగా ఏం తోస్తుందిలే నీకు?"

బావ నన్ను చూసిన చూపులో మా చిన్నప్పటి తగువులన్నీ ఉన్నాయి. గోడకి ఆనించి కొత్త కాగితం మీద రాయడం మొదలెట్టాడు. మరిది పైకి పరుగెత్తాడు.

"మెకానిక్ ముప్పై ఒకటిన వచ్చాడు. రెండు లిఫ్టులకీ హెచ్చరిక రాశాడు. అతని తప్పు లేదు. సరేనా?" పెన్ను ఆగింది. "ఇక్కడ ఒక గడి ఉంది. కార్డు మార్చినది ఎవరు. ఇది ఖాళీగా పంపలేను. చెప్పు."

ఒకసారి నా నోరు ఒక మనిషిని ఇరికించింది. అది చాలు.

"నా పేరు రాయి నాయనా."

తల ఎత్తాను. ఐదో అంతస్తు మెట్ల పైన, ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు టీచరుగారు. "నేనే మార్చాను. పూర్తి పేరు రాయి."

బావ ఆవిడ పిండికట్టు వైపు చూశాడు. కాలినీ, కుర్చీనీ, నన్నూ చూశాడు. చాలాసేపు ఏదో నమిలి మింగినట్టు చేశాడు. రాసి, గ్రిల్ సందులోంచి కాగితం నా చేతికిచ్చాడు. నాలుగింటికి పంపాల్సింది నేనేగా.

ఆ గడిలో ఇలా ఉంది: "ముఖ్యసాక్షి కాలు విరిగి ఉన్నారు. కోలుకున్నాక విచారణ. తుది నివేదిక వచ్చే త్రైమాసికం ఆఖరి రోజున, అనగా" అక్కడ ఖాళీ.

"తేదీ మీరే చెప్పండి టీచర్," అన్నాడు బావ. "నాకు ఈ ఫార్ములాలు రావు."

"ఈ త్రైమాసికం సెప్టెంబరు ముప్పైన అయిపోతుంది. దానికి మూడు నెలలు కలిపితే డిసెంబరు ముప్ఫ..." ఆగిపోయారు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నారు. నావైపు చూశారు. "ముప్పై ఒకటి నాయనా. నెలాఖరు. ముప్పై ఒకటి వెయ్యి అమ్మాయ్."

వేశాను.

పైన చక్రం కిర్రుమంది. లిఫ్టు ఒక్క అంగుళం దిగి, ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. ఎక్కడో తీగ తెగిన శబ్దం, సన్నగా.

"బావగారూ!" మెట్లగుండా మరిది కేక దిగొచ్చింది. "ఇంకో పోగు పోయింది. గోడకి ఆనుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చండి. నేను చెప్పేదాకా కదలొద్దు!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎదురుమాట లేకుండా, మా బావ ఒకరు చెప్పినట్టు విన్నాడు.